ఆటోనగర్ అటక మీద మా సంసారం

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు పడగొట్టి చూడమని మాత్రం ఎవరూ అనలేదు. ఆ ముక్క కూడా అనివుంటే మేం కాస్త జాగ్రత్తపడేవాళ్ళమేమో. ఆ రోజుల్లో బెజవాడ సత్యనారాయణపురంలో మా వీధి వీధంతా పాత ఇళ్ళు కూల్చి అంతస్తులు లేపే పనిలో ఉండేది. చివరికి మా నాన్నగారికీ ఆ గాలి సోకింది. (ఆయన హైస్కూల్లో లెక్కల మేష్టారు. గాలి సోకించుకోవడానికి కూడా ముందు రెండేళ్ళు లెక్కలు వేసుకున్నారు.) ఇల్లు పూర్తయ్యేదాకా పక్క వీధిలో రెండు గదుల వాటా అద్దెకు తీసుకున్నాం. అందులో అమ్మా, నాన్నగారూ, నేనూ ముగ్గురం పడతాం, మా సామాను పట్టదు. ముగ్గురు మనుషులు బతకడానికి ఇన్ని గంగాళాలు, ఇన్ని ట్రంకు పెట్టెలు, మూత లేని ఇన్ని డబ్బాలు, డబ్బా లేని ఇన్ని మూతలు కావాలా అని ఇల్లు ఖాళీ చేసేటప్పుడు తప్ప ఎవరికీ అనుమానం రాదు.

అప్పుడు ఆదుకున్నది మా బాబాయి. ఆయనకి ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే షెడ్డు ఉండేది. కింద పని జరుగుతుంటుంది, పైన రేకుల కప్పుకి బారెడు కిందగా చెక్కలు పరిచిన పెద్ద అటక. "పైన రాజ్యమంతా ఖాళీగా పడుంది వదినా! మీ సంసారం మొత్తం పంపించెయ్యండి. మా షెడ్డుకి దొంగ కూడా రాడు, వస్తే వాడికి చెవుడొస్తుంది" అన్నాడు. నేను అప్పుడే డిగ్రీ పూర్తిచేసి, ఏ ఉద్యోగమూ లేకుండా, అన్ని ఉద్యోగాలూ చెయ్యగలనన్న నమ్మకంతో తిరుగుతున్నాను. సామాను బాధ్యత నాదేనని ప్రకటించాను. ఆ రోజునుంచీ నాన్నగారు నన్ను మేనేజరమ్మా అని పిలవడం మొదలుపెట్టారు. అది పొగడ్తే అనుకున్నాను.

ఎంత శ్రద్ధగా సర్దానో! కొండపల్లి బొమ్మల్ని ఒక్కొక్కటీ న్యూస్ పేపర్లో చుట్టాను. కొవ్వొత్తులు, అత్తరు సీసాలు, పాటల క్యాసెట్లు, అమ్మ స్టిక్కర్ బొట్ల నిల్వ, అన్నీ విడివిడిగా డబ్బాల్లో పెట్టి దారంతో కట్టాను. ఇక అమ్మ వీణ. అది నూజివీడు వీణ, పెళ్ళికి ముందు తాతయ్య కొనిచ్చింది. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ అది పూలగుడ్డ ముసుగేసుకుని, మొహమాటపడే చుట్టంలా బీరువా పక్కన ఒదిగి ఉండటమే చూశాను గానీ మోగడం వినలేదు. దసరాకి ముసుగు తీసి, తుడిచి, బొట్టు పెట్టి, మళ్ళీ ముసుగేసేది అమ్మ. "వాయించవేమ్మా?" అంటే, "చూద్దాంలేవే, ఈ పన్లు తెమలనీ" అనేది. పన్లు తెమలడమన్నది మా ఇంట్లో ఎప్పుడూ జరగలేదు. ఆ వీణకి దెబ్బ తగలకూడదని రెండు బొంతల్లో చుట్టి, దుమ్ము పడకూడదని పైన ప్లాస్టిక్ పట్టా కప్పి, బరువు మీద పడకూడదని అన్నిటికన్నా పైన, రేకుకి తగిలేంత ఎత్తున పడుకోబెట్టాను. అది మాఘమాసం. అటక చల్లగా హాయిగా ఉంది. నేనక్కడ కాసేపు నడుం వాల్చి, "బాబాయ్, ఏసీ గదిలా ఉంది!" అని కేకేశాను కూడా.

తర్వాత రోహిణి కార్తె వచ్చింది. బెజవాడ ఎండ గురించి బెజవాడ వాళ్ళకి చెప్పనక్కర్లేదు, మిగతా వాళ్ళకి చెప్పినా నమ్మరు. ఒక మధ్యాహ్నం అద్దె వాటాలో తడిగుడ్డ నెత్తిన వేసుకుని అన్నాలు తింటున్నాం. మజ్జిగ పోస్తూ అమ్మ ఉన్నట్టుండి ఆగింది.

"ఏమే, దీపావళికి మిగిలిన టపాకాయలు ఎక్కడ పెట్టావు?"

"అవి భద్రంగానే ఉన్నాయమ్మా. వంటసామాను పెట్టెలో."

"ఆ పెట్టె ఎక్కడుంది?"

"అటక మీద."

నాన్నగారు చేతిలో ముద్ద విస్తట్లో పెట్టేశారు. "కింద వెల్డింగు చేస్తారు కదమ్మా అక్కడ," అన్నారు నెమ్మదిగా, క్లాసులో అందరూ తప్పు చేసిన లెక్కని బోర్డు మీద చూపించే గొంతుతో. పైన నిప్పుల కుంపటిలాంటి రేకు, కింద ఎగిరే రవ్వలు, మధ్యలో మా చిచ్చుబుడ్లు, లక్ష్మీబాంబులు, మా యావత్ సంసారం! బాబాయికి ఫోన్ చేస్తే ఎత్తడు. ఆ షెడ్డులో సుత్తి దెబ్బల మధ్య ఫోన్ మోగినా ఒకటే, మోగకపోయినా ఒకటే. అన్నాలు వదిలేసి ముగ్గురం ఆటో ఎక్కాం. దారి పొడుగునా అమ్మ తెలిసిన దేవుళ్ళందరికీ కొబ్బరికాయలు మొక్కింది. "పొగేమైనా కనిపిస్తోందా చూడు బాబూ" అని నాన్నగారు ప్రతి మలుపులోనూ ఆటో అబ్బాయిని అడిగారు. "ఆటోనగర్లో పొగ లేనిదెప్పుడండీ?" అన్నాడతను. ఆ జవాబు మాకు ఏ విధంగానూ ధైర్యాన్నివ్వలేదు.

షెడ్డు ఉంది. బాబాయి ఉన్నాడు. లారీ ఒకటి సగం బాడీతో, దాని పక్కన వెల్డింగ్ భాయి మొహానికి అద్దం అడ్డుపెట్టుకుని మెరుపులు మెరిపిస్తూ. "ఆపండి! ఆపండి!" అని అమ్మ అరిచిన అరుపుకి సుత్తులన్నీ ఆగిపోయాయి. సంగతి విన్న బాబాయి మొహంలో రంగులు మారాయి. "ఓర్నాయనో! మూణ్ణెల్లుగా నేను బాంబుల కింద కూర్చుని టీ తాగుతున్నానా?" అని నిచ్చెన తెప్పించాడు. ఎక్కింది మాత్రం నేనే. పెట్టె ఎక్కడుందో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే మరి. తల పైకి పెట్టగానే పొయ్యిలోకి తల పెట్టినట్టయింది. ఎలాగో ఆ పెట్టె కిందికి అందించాను. బాబాయి దాన్ని పసిబిడ్డలా రెండు చేతులతో మోసుకెళ్ళి, నీళ్ళ డ్రమ్ములో ముంచాడు. (తొందరలో మూకుడు, అప్పడాల కర్ర, పోపులపెట్టె కూడా మునిగాయి. ఆ తర్వాత చాన్నాళ్ళు మా పోపులో గంధకం వాసన ఉందని నాన్నగారు అంటూండేవారు.)

గండం గడిచిందని ఊపిరి పీల్చుకుని మిగతా సామాను చూశాను. కొవ్వొత్తులన్నీ కలిసి ఒకటే ముద్దయ్యాయి. క్యాసెట్లు చేగోడీల్లా వంకర్లు తిరిగాయి. కొండపల్లి ఏనుగు అంబారీకి పేపరు అతుక్కుపోయి, పొట్ట మీద వధువు కావలెను అన్న ప్రకటన తలకిందులుగా అచ్చయింది. అదంతా చూసి నవ్వుకోవచ్చు. బొంతలు విప్పాక నవ్వు ఆగిపోయింది. వీణ మెట్లు నిలిచేది మైనం మీద. ఆ మైనం కరిగి నల్లగా కారి, ఇత్తడి మెట్లు కొన్ని ఒరిగిపోయాయి, కొన్ని ఒకదాని మీదకి ఒకటి జారాయి, కొన్ని బొంతకి అంటుకుని దానితోపాటే ఊడొచ్చాయి.

కిందికి దించాం. అమ్మ ఒక లారీ టైరు మీద కూర్చుని వీణని ఒళ్ళోకి తీసుకుంది. నన్ను తిడుతుందని ఎదురుచూశాను, తిట్టలేదు. ఒరిగిన మెట్టు ఒకదాన్ని వేలితో సరిచేయబోయింది. అది చేతిలోకి వచ్చేసింది.

"ఇన్నేళ్ళూ చూద్దాంలే, చూద్దాంలే అన్నాను. ఇదిగో, చూశాను," అంది. కళ్ళు తుడుచుకుంటే మైనం మసి చెంపకి అంటింది. నాన్నగారు జేబురుమాలు ఇచ్చి, రేకుల కప్పు వంక చూస్తూ నిలబడ్డారు.

ముందుగా తేరుకున్నది బాబాయే. "లారీకి యాక్సిడెంటైతే లారీని పారేస్తామా వదినా? షెడ్డుకి తెస్తాం. దీనికీ ఓ షెడ్డు ఉంటుంది కదండీ, నూజివీడులో. రేపు పొద్దున్నే మన ట్రాలీ ఆటోలో పోదాం" అన్నాడు. మర్నాడు అమ్మ ముందు సీట్లో కూర్చోమన్నా కూర్చోకుండా వెనకాల ట్రాలీలో పరుపేసుకుని, వీణ ఒళ్ళో పెట్టుకుని, నెత్తిన గొడుగేసుకుని బయల్దేరింది. పక్కన నేను. దారిలో జనం ఏదో దేవత ఊరేగింపనుకున్నారో ఏమో, ఆగిరిపల్లి దగ్గర ఒకావిడ చెప్పులు విడిచి దణ్ణం పెట్టింది.

వీణలు చేసే పెద్దాయన ముసుగు తీసి చూసి, "ఎండలో పెట్టారా అమ్మా, పెనం మీద పెట్టారా?" అన్నాడు. నేను బయట మామిడిపళ్ళ బళ్ళు చూసే నెపంతో లేచి వెళ్ళిపోయాను. కర్ర బాగుందట, బుర్ర బాగుందట, మెట్లు కొత్త మైనం మీద మళ్ళీ నిలబెట్టాలట. వారం తర్వాత మళ్ళీ ట్రాలీలో వెళ్ళాం. "వాయించి చూసుకోండి" అన్నాడాయన. అమ్మ బెదిరిపోయింది. "అబ్బే, నాకేం గుర్తులేదండీ. మీరే చూడండి." "నా చేతికి పలికితే మీకేం లాభం? ఇంట్లో వాయించుకునేది మీరు కదా," అన్నాడు.

అమ్మ చెంగుతో చేతులు తుడుచుకుని కూర్చుంది. సరిగమలు తడుముకుంది, రెండుసార్లు తప్పింది, చిన్నప్పుడు మొదట నేర్చుకున్న గీతం అందుకుంది. సగం దాకా వచ్చి ఆగి, "తర్వాతేంటో మర్చిపోయాను" అని నవ్వింది. ఆ నవ్వు నేను అంతకుముందు ఎరగను. అది మా అమ్మ నవ్వు కాదు, నాకు తెలియని ఏదో రెండు జడల పిల్లది.

అటక ఎక్కించే ప్రశ్నే లేదు కనుక వీణ అద్దె వాటాకే వచ్చింది. పెట్టడానికి చోటు లేక నాన్నగారి మంచం మీద పెట్టాం, నాన్నగారు వసారాలోకి మారారు. కళ్ళెదురుగా ఉంటే చెయ్యి ఊరుకోదు కదా. పన్లు తెమలకుండానే అమ్మ రోజూ కూర్చోసాగింది. ఓ సాయంత్రం ఇంటి ఓనరమ్మగారు మెట్లు దిగి వస్తుంటే గోల చేస్తున్నామని దెబ్బలాడటానికేననుకుని నేను తలుపు దగ్గరే క్షమాపణలు మొదలుపెట్టాను. ఆవిడ నన్ను పక్కకి జరిపి, "ఇందాకటిది ఇంకోసారి వాయించండి పిన్నిగారూ, పైకి సరిగ్గా వినపడలేదు" అని గుమ్మంలో కూర్చుంది. ఆ వేసవి సెలవులు అయ్యేసరికి అమ్మ ఓ సంగీతం మేడమ్ దగ్గర చేరింది. క్లాసులో మిగతా వాళ్ళంతా అయిదో తరగతి పిల్లలు. వాళ్ళు ఆమెని ముందు ఆంటీ అన్నారు, తర్వాత పోటీ అన్నారు.

ఇప్పుడు నాదీ ఒక సంసారం, నా ఇంట్లోనూ మూతలు లేని డబ్బాలున్నాయి. ఎవరైనా ఇల్లు మారుతూ రేకుల కింద సామాను పెట్టుకోవచ్చా అని అడిగితే, ఇత్తడీ ఇనుమూ పెట్టుకోండి, కరిగేవీ పేలేవీ వద్దు అని పెద్దదానిలా చెబుతాను. చెబుతున్నప్పుడల్లా, రెండు బొంతలు, ఒక పట్టా ఉంటే ప్రపంచంలో దేన్నైనా కాపాడెయ్యొచ్చనుకున్న ఆ పిల్ల కళ్ళముందు మెదిలి నవ్వొస్తుంది. కోప్పడబుద్ధి కాదు. పొద్దున్నే అమ్మకి ఫోన్ చేస్తే ఎత్తదు. నాన్నగారు ఎత్తి, గొంతు తగ్గించి, "వాయిస్తోందమ్మా, తర్వాత చెయ్యి" అని పెట్టేస్తారు. ఆయన పెట్టెయ్యబోయే ముందు రెండు క్షణాలు వెనకనుంచి వినిపిస్తుంది చూడండీ, దానికోసమే నేను సరిగ్గా ఆ వేళకే చేస్తుంటాను.