అండాలు దగ్గు కాగితాలు

నా చెల్లెలు అండాలు దగ్గుకు సంబంధించిన కాగితాలు పదకొండేళ్లవి నా దగ్గర ఉన్నాయి. మొదటిది తెలంగాణ వచ్చిన ఏడాది వర్షాకాలంలో రాసిచ్చిన చీటీ: పొడిదగ్గు, నూలు దుమ్ము. ఆ తర్వాత నాలుగుసార్లు కళ్లె పరీక్ష చేశారు. నాలుగింటిలోనూ క్షయ లేదనే తేలింది. అయినా ఒక వైద్యుడు ఆరు నెలలపాటు క్షయ మందులే మింగించాడు. ఎందుకో ఏ కాగితంలోనూ లేదు.

అండాలు మెట్టినిల్లు నల్లగొండ వైపు ఒక చేనేత పల్లె. పెళ్లయిన నాటి నుంచి ఆసు పోసేది. అర్ధచంద్రంలా నాటిన మేకుల చుట్టూ నూలు తిప్పడమే ఆసు పోయడం. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు అటూ ఇటూ ఆడాలి. పోగుల లెక్క తప్పితే నేశాక చీర మీద పువ్వు విరుగుతుంది. దగ్గు తెర వచ్చినప్పుడల్లా ఆమె లెక్క తప్పేది. దగ్గు లేని వేళ కూర్చున్నచోటే కునుకు పట్టేది.

"మా అత్తమ్మ దారం పట్టుకోనే యాదగిరిగుట్ట పోయొస్తది" అని కోడలు మమత మొదట్లో నవ్వేది. కరోనా నాడు ఆ దగ్గు విని వాడకట్టు తలుపులు వేసుకున్నాక ఆ నవ్వూ పోయింది.

నిరుడు రెండు చీరలు పువ్వు విరిగి వెనక్కి వచ్చాయి. కొడుకు సతీశ్ నా ఎదుటనే అన్నాడు: "అమ్మా, ఇగ ఆసు ముట్టకు. ఆసు పోసే మర తెస్త."

"మర నీకు బువ్వ గూడ పెడ్తదారా? నా చేతులు మంచిగనే ఉన్నయి. దగ్గొక్కటే గదా!"

"పదకొండేండ్ల సంది గా ఒక్కటే."

నేను ఒక్క నెల గడువు అడిగాను. నల్లగొండలో శ్రీలత అనే ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరకు మమతతో కలిసి చెల్లెలిని తీసుకువెళ్లాను. డాక్టరు ఆ కాగితాలన్నీ చదివింది. ఇన్నేళ్లకు చదివిన మనిషి ఆమె ఒక్కతే. చదివి, వాటిలో ఎక్కడా లేని ప్రశ్న అడిగింది.

"నిద్రలో గురక పెడ్తరా అమ్మా?"

"ఛీ, నాకేం గురక! మొగోళ్లకుంటది గని."

మమత తల వంచుకుంది. అత్త గురక పెడుతుందని పరాయివాళ్ల ముందు, అందులోనూ అత్త తోడబుట్టినవాడి ముందు చెప్పడం మా ఇళ్లలో కోడలు చేసే పని కాదు.

"బిడ్డా, మర్యాద తర్వాత. మీ అత్త చేతిలకెల్లి ఆసు పోతాంది. చెప్పు" అన్నాను.

"గురకొక్కటే గాదు మేడం. నడుమ నడుమ ఊపిరే ఆగుతది. మల్ల ఒక్కసారే ఎగబీల్చి, దగ్గుకుంట లేస్తది. జర కోపం జెయ్యకుండ్రి అత్తమ్మా."

"ఇన్నొద్దులు నా గురక ఇనుకుంట పన్నవా, దొంగదానా!" అని అండాలు ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఇంటికిచ్చిన చిన్న పరికరంతో నిద్ర పరీక్ష చేస్తే, గంటకు ముప్పైసార్లకు పైగా ఊపిరికి అడ్డు పడుతోందని తేలింది. "గొంతు మూసుకుంటే లోపలికి గట్టిగ పీలుస్తరు. కడుపులోని పులుపు పైకొచ్చి గొంతును గీరుతది. అందరి దగ్గుకు ఇదే కారణం కాదు. మీకు ఇదే అనిపిస్తాంది, చూద్దాం" అంది డాక్టరు.

అంతకుముందు అయిదుగురు వైద్యులు ఛాతీకి ఫోటోలు తీయించారు. నిద్ర ఎలా పడుతోందని అడగడానికి ఏ యంత్రం కావాలి? అడగని వారిదీ, చెప్పనివ్వని మా మర్యాదదీ తప్పే. శిక్ష మాత్రం అండాలుకు పడింది.

ముక్కుకు తొడుగు పెట్టి గాలి పంపే యంత్రం ఇచ్చారు. "ఏనుగు తొండం దెచ్చి తగిలిచ్చిండ్రు" అని వారం రోజులు పీకి పారేసింది. మమతే ఓపికగా మళ్లీ మళ్లీ తొడిగింది. మూడో నెలకు దగ్గు ముప్పాతిక తగ్గింది. పగటి కునుకు పోయింది.

అయితే నా గడువు నెలే. అది తీరిన మర్నాడే సతీశ్ ఆసు మర దింపాడు. మగ్గం ఆగితే ఇల్లు గడవదు కాబట్టి అతణ్ణి తప్పుపట్టలేను.

మొన్న వెళ్లేసరికి అండాలు ఆ మర పక్కన కూర్చుని కండెలకు దారం చుడుతోంది. అరగంటలో ఒక్కసారే దగ్గింది. నిద్ర పడుతోందా అని అడిగాను.

"పడుతాంది అన్నా. తెల్లారెదాక లేస్త లేను." చేతిలోని కండె ఆగింది. "గిప్పుడు పొద్దంత మెలకువనే. ఆసు లేకపాయె, ఏం జెయ్యాలె?"

ఆమె మళ్లీ దారం అందుకుంది.