పదిహేడు మార్కుల టీచరు

మా మరదలు ఇరవై రెండేళ్లు బడిలో లెక్కలు చెప్పింది. అంత బాగా చెప్పినందుకు మెచ్చుకుని, ఇక చెప్పనక్కర్లేకుండా ఆమెను హెడ్మిస్ట్రెస్‌ని చేశారు. అప్పట్నుంచి ఎన్ని బెంచీలున్నాయి, ఎన్ని బెంచీలకు నాలుగు కాళ్లూ ఉన్నాయి, ఏ కుళాయి కారుతోంది అని రిపోర్టులు రాయడమే పని. అయినా ఏడో తరగతి బి సెక్షన్‌కి మూడో పీరియడ్ లెక్కలు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

"ఆ నలభై అయిదు నిమిషాల కోసమే మిగతా రోజంతా భరిస్తున్నాను బావా" అనేది.

ఒకరోజు పై ఆఫీసు నుంచి సర్క్యులర్ వచ్చింది. హెడ్మాస్టర్లు క్లాసులో కూర్చుని టీచర్ల పాఠాలు చూస్తే పిల్లలకు చదువు బాగా వస్తుందని పరిశోధనలో తేలిందట. కాబట్టి హెడ్మాస్టర్లు తమ పాఠాలు మానేసి, ఇతరుల పాఠాలు చూసి ఇరవైకి మార్కులు వేయాలి. పద్దెనిమిది రానివాళ్లను దగ్గరుండి బాగుచేయాలి. పద్దెనిమిది వచ్చేదాకా వాళ్లను ఆ క్లాసు నుంచి కదపకూడదు.

"పాఠాలు బాగుపడాలంటే నేను పాఠం మానాలట" అంది మరదలు.

"పోనీలే, ఆ పిల్లలకు విముక్తి" అన్నాను. మా ఆవిడ వచ్చి నా చేతిలోని కాఫీ కప్పు సగంలోనే తీసుకుపోయింది.

ఇంతలో మరదలు ఒక సంగతి కనిపెట్టింది. మార్కుల ఫారంలో పేర్లుండవు. పేర్లుంటే పక్షపాతం వస్తుందని తీసేశారు. టీచరు నంబరు, చూసినవారి నంబరు, అంతే. ప్రమోషన్‌తో ఈమెకు కొత్త నంబరు ఇచ్చారు కానీ, పాతది తీసేయడం మరిచిపోయారు. కంప్యూటర్ లెక్కలో ఆ బళ్లో లెక్కల టీచరు ఇంకా ఉంది.

మా మరదలికి అబద్ధం చేతకాదు. పాఠం చూడమన్నారు, చూస్తుంది. ఫోను బీరువా మీద పెట్టి తన పాఠమే వీడియో తీసింది. ఆదివారం మా ఇంటికొచ్చి, కళ్లజోడు పెట్టుకుని, ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చుంది.

"బావా, ముప్పై ఒక్క ప్రశ్నలు అడిగాను."

"బాగుందిగా!"

"ఇరవై ఆరింటికి నేనే జవాబు చెప్పేశాను."

"ఇంట్లోనూ అంతేనే" అంది వంటింట్లోంచి మా ఆవిడ. "మంచినీళ్లు కావాలా అక్కా అంటావు, వద్దులే అనీ నువ్వే అంటావు."

ఫారంలో టీచరుగా తన పాత నంబరు, చూసినవారిగా కొత్త నంబరు రాసి, మరదలు ఎర్ర పెన్నుతో పదకొండు మార్కులు వేసింది. "కాస్త చూసి వేసుకోరాదూ, నీ మార్కులే కదా!" అన్నాను. "ఎవరివైతే ఏమిటి, పాఠం పాఠమే" అని, కింద ఇలా రాసింది: 'ఈ టీచరు పిల్లల నోట్లోని మాట లాగేసుకుంటోంది. ప్రశ్న అడిగాక, మూడు లెక్కపెట్టేదాకా ఆగాలి.'

సోమవారం ఆగి చూసింది. "మూడు లెక్కపెట్టేసరికి నా ప్రాణం పోయింది బావా" అని చెప్పింది తర్వాత. కానీ ఏడాదిగా నోరు విప్పని కిటికీ పక్క పిల్ల లేచి, "ఎనిమిది నాలుగు కన్నా పెద్దది కదా టీచర్, మరి ఎనిమిదో వంతు ఎందుకు చిన్నది?" అని అడిగిందట. టీచరు నోరు తెరిచేలోపు క్లాసంతా నేను చెబుతానంటే నేను చెబుతానని మీద పడింది.

ఆ నెల పదమూడు వేసుకుంది. తర్వాత పద్నాలుగు, పదహారు, పదిహేడు.

అప్పుడు పై ఆఫీసు నుంచి ఆఫీసరు గారు రంగుల గ్రాఫు పట్టుకుని బళ్లో దిగారు. "మేడమ్, ఇంత నిలువుగా ఎక్కిన గీత ఇంకెక్కడా లేదు! ఆ బలహీనమైన టీచర్ని పిలవండి, చూడాలి."

"వచ్చింది సార్."

ఆయన గుమ్మం వైపు చూశారు. "ఏదీ?"

"మీ ఎదురుగానే ఉంది."

ఆయన కుర్చీలోంచి ఆరంగుళాలు ఎగిరారని మరదలు చెప్పింది. నేనైతే ఒక అడుగు ఎగిరారని చెబుతుంటాను.

"రూలు ప్రకారం మీరు పాఠం చెప్పకూడదు!"

"రూలు ప్రకారం పద్దెనిమిది రాని టీచర్ని కదపకూడదు సార్."

ఆయన గ్రాఫును తిరగేసి, మరగేసి చూశారు. "ఇది పైదాకా వెళ్లిపోయింది. ఇప్పుడు నేను దించలేను" అని గొంతు తగ్గించారు. "ఈ నెల ఆవిడకి ఎంత వస్తుంది?"

"పద్దెనిమిది వచ్చేట్టుంది సార్" అంది మరదలు నీరసంగా.

"అయ్యో! ఇంకోసారి జాగ్రత్తగా చూడండి."

ఆదివారం మా ఇంట్లో ఆ నెల వీడియో మూడుసార్లు చూసింది. ఒక్క తప్పూ దొరకలేదు. దొరక్కపోతే మూడో పీరియడ్ పోయినట్టే. నేను కల్పించి చెప్పే తప్పులు పనికిరావు, తప్పు నిజంగా ఉండాలి. పద్దెనిమిది వేసి, కళ్లజోడు తీసి, చెంగుతో కళ్లు తుడుచుకుంది.

మా ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. వీడియో మళ్లీ పెట్టించి చూస్తూ, "ఆపవే, వెనక్కి తిప్పు" అంది. "ఆ చివరి బెంచీ పిల్లని చూడు. చెయ్యెత్తింది, ఎత్తింది, ఎత్తింది... దించేసింది. నువ్వు బోర్డు వైపు తిరిగున్నావు."

మరదలు వెనక్కి తిప్పి చూసింది. నిజమే. పద్దెనిమిది కొట్టేసి, పదిహేడు వేసింది. తన తప్పు దొరికిందని అక్కను వాటేసుకున్న మనిషిని నేను అప్పుడే చూశాను.

మర్నాడు మూడో పీరియడ్‌లో మొదట ఆ చివరి బెంచీ దగ్గరికే వెళ్లిందట.