బ్యాంకు ఆఫీసరు కూతురు

శాలిబండలో మా బాపు ఇంటింటికీ పాలు పోసేవాడు. విదేశాల్లో చదువుకు రాసే ఇంగ్లిష్ పరీక్షల్లో కంప్యూటర్‌తో మాట్లాడేది వద్దని, ఎదురుగా మనిషి కూర్చుని అడిగేదే ఎంచుకున్నాను. మనిషినైతే నమ్మించవచ్చనుకున్నాను. మీ నాన్న గురించి చెప్పమంటే, ఆయన బ్యాంకు ఆఫీసరని, పొద్దున్నే పేపర్ చదువుతాడని ఇంగ్లిష్‌లో బట్టీపట్టాను. బర్రెల కొట్టం పక్కనే కూర్చుని నెలరోజులు గట్టిగా వల్లెవేశాను. బాపుకు ఇంగ్లిష్ రాదు కదా అన్న ధీమా, నా బుద్ధి తగలెయ్య! ఆయన అక్కడే పాలు పిండుతుండేవాడు.

పరీక్ష రోజు పాల క్యాన్లున్న బండి మీదే నన్ను తీసుకెళ్లాడు. సెంటర్ గేటు ఇంకా దూరంగా ఉండగానే బండి ఆపి అన్నాడు:

"గీడనే దిగు బిడ్డా. బ్యాంకు ఆఫీసర్ బండికి పాల క్యాన్లు ఉంటయా?"