నలభై సెకన్ల జవాబు

ఈ ఉదయం మా చర్చి సంఘం వాట్సాప్ గ్రూపులోకి ఒక వీడియో వచ్చింది. పంపినావిడ దాని కింద "తప్పక చూడండి, అందరికీ పంపండి" అని రాసి, చేతులు జోడించిన బొమ్మలు ఆరు పెట్టారు. నలభై సెకన్ల వీడియో. అందులో మా పెదనాన్న మాట్లాడుతుంటారు, ఎదురుగా ఒక సాయిబు గారు తలొంచుకుని ఊరుకుంటారు. పైన ఎర్రక్షరాలతో "నోరు మూయించిన జవాబు" అని ఉంటుంది. ఆ ఎర్రక్షరాలు నావే. రెండేళ్ల కిందటే ఆ వీడియో నా ఛానల్లోంచి తీసేశాను. తీసేయడమన్నది ఫోను మనకు చెప్పే ఓదార్పు మాట మాత్రమేనని అప్పట్లో తెలియదు.

మా పెదనాన్న రామచంద్రపురంలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు, సంఘంలో పెద్ద. ఆ సాయిబు గారు టైలరు. మా పాస్టరు గారి తెల్ల అంగీ కొలతలు ఊళ్లో ఆయన ఒక్కరికే తెలుసు. క్రిస్మస్ తర్వాత పాస్టరు గారు ఎంత లావయ్యారో కూడా ఆయనకే తెలుసు, ఎవరికీ చెప్పరు. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం నమాజు ముగించుకుని ఆయన కొట్టు తెరిచే వేళకి పెదనాన్న నోటుపుస్తకం చంకలో పెట్టుకుని వెళ్లి అక్కడి స్టూలు మీద కూర్చునేవారు. ఇద్దరూ దేవుడి గురించి వాదించుకునేవారు. వాదన అంటే బల్లలు గుద్దే రకం కాదు, చూసేవాడికి నిద్రొచ్చే రకం. రెండు నియమాలుండేవి. జవాబు చెప్పేవాడు ముందు అవతలివాడి ప్రశ్నను తన నోటితో చెప్పాలి. "అదేనండి" అని అవతలివాడు ఒప్పుకునేదాకా జవాబు మొదలుపెట్టకూడదు. ఇక జవాబు విన్నవాడు ఆ రోజు మారుమాట్లాడకూడదు. వారం పాటు దాన్ని మోసుకు తిరిగి, వచ్చే శుక్రవారం చెప్పాలి. "అప్పటికప్పుడు చెప్పేది జవాబు కాదురా, రోషం" అనేవారు పెదనాన్న.

ఒకసారి ఆయన త్రిత్వాన్ని, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకే దేవుడన్నదాన్ని, గుణకారంతో తేల్చేశారు. ఒకటిని ఒకటితో ఎన్నిసార్లు గుణించినా ఒకటే కదా అని, పరీక్ష పేపరు దిద్దేసిన మొహంతో ఇంటికొచ్చారు. వారం తర్వాత టైలరు గారు చొక్కాకి కాజా కుడుతూ, "గుణించమని ఎవరు చెప్పారండీ మాస్టారూ? కూడితే మూడొస్తుంది కదండీ?" అన్నారు. పెదనాన్న ఆ పేజీకి అడ్డంగా గీత కొట్టి, వారమంతా అన్నం సరిగా తినక, చివరికి ఒక మాట పట్టుకెళ్లారు. దేవుడు ఏమిటి అన్నది ఒక ప్రశ్న, ఎవరు అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి జవాబు ఒక్కటే, రెండోదానికి మూడు. రెండింటినీ ఒకే గడిలో వేస్తేనే లెక్క తప్పుతుంది. టైలరు గారు వారం ఆలోచించి, "పొసగదని ఇక అనలేనండి. నిజమని మాత్రం ఒప్పుకోను" అన్నారు. ఆ రోజు పెదనాన్న ఇంటికి స్వీటు పొట్లం తెచ్చారు.

నేను డిగ్రీ అయి, ఉద్యోగం లేక, విశ్వాసాన్ని కాపాడే ఉద్యోగం పెట్టుకున్న రోజులవి. ఒక ఛానల్ తెరిచాను. ఇద్దరినీ అడిగే, ఒక శుక్రవారం ఫోను కుట్టుమిషను మీద నిలబెట్టాను. యేసు దేవుడైతే, ఆయన చనిపోయి సమాధిలో ఉన్న మూడు రోజులూ లోకాన్ని నడిపిందెవరు? అదీ టైలరు గారి ప్రశ్న. పెదనాన్న దాన్ని మూడు రకాలుగా చెప్పి చూశాక "అదేనండి" వచ్చింది. చావంటే లేకుండా పోవడం కాదు, అలాగని మీరూ నమ్మరు కదా అని మొదలుపెట్టారు పెదనాన్న. యేసు మరణం ఆయన తీసుకున్న మనిషి స్వభావంలో జరిగింది, దైవస్వభావానికి చావు లేదు, కాబట్టి లోకం ఒక్క క్షణమైనా దిక్కులేనిది కాలేదు అన్నారు. టైలరు గారు విని, తలొంచుకుని కాజా కుట్టుకుంటూ ఉండిపోయారు. నియమం అది. ఇంటికొచ్చి ఎడిటింగు చేస్తుంటే "అదేనండి" దాకా ఉన్నదంతా నాకు బోరు కొట్టింది, కత్తిరించాను. మిగిలిన టైలరు గారి మర్యాదకి కాస్త విషాద సంగీతం తగిలించేసరికి అది అచ్చం ఓటమిలా కనిపించింది.

వీడియో ఊరంతా తిరిగింది. మసీదు దగ్గర నలుగురూ ఆయన్ని నిలదీశారు. సొంత అల్లుడే "జవాబు రానప్పుడు ఎందుకెళ్లారండీ?" అన్నాడట, నిజానికి ఆయన కొట్టుకి వెళ్లింది మేమే అయినా. తర్వాతి శుక్రవారం టైలరు గారే మా ఇంటికొచ్చారు. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"మీ జవాబుకి నా దగ్గర ఇంకో ప్రశ్న ఉందండి మాస్టారూ. ఇప్పుడు అడిగితే పగతో అడిగినట్టుంటుంది. అడక్కపోతే ఓడినట్టుంటుంది. ఏం చెయ్యమంటారో మీరే చెప్పండి."

ఆయన వెళ్లాక పెదనాన్న నావైపు తిరిగి, "గెలవడానికి వెళ్లేవాణ్ణట్రా నేను?" అన్నారు. వీడియో తీసేసి, నలభై రెండు నిమిషాల అసలుది పెట్టాను. పదకొండుసార్లు చూశారు. అందులో తొమ్మిదిసార్లు నేనే.

ఇద్దరూ ఇప్పటికీ వీధిలో ఎదురైతే "బావున్నారాండీ?" అనుకుంటారు, అంతే. పెదనాన్న శుక్రవారం మధ్యాహ్నాలు నోటుపుస్తకం తెరిచి, ఖాళీ పేజీ ముందు కూర్చుంటారు. మొన్నొక రోజు, "ఆయన అడక్కపోతే నేనెందుకు నమ్ముతున్నానో నాకే సరిగా అందట్లేదురా" అన్నారు. నా దగ్గర ఎప్పుడూ ఒక జోకు సిద్ధంగా ఉంటుంది. ఆ రోజూ ఉంది. మింగేశాను.

ఇవాళ శుక్రవారమే. ఫోను జేబులో పెట్టుకుని కొట్టుకి వెళ్లాను. వీడియో మళ్లీ తిరుగుతోందని, క్షమించమని అడిగాను. టైలరు గారు కళ్లజోడు పైనుంచి చూసి, "క్షమాపణ తర్వాత బాబూ. నువ్వేం చేశావో ముందు నువ్వు చెప్పు. నేను 'అదే' అనాలి" అన్నారు.

"మీ పరువు తీశానండి."

"కాదు."

"మీరు ఓడిపోయినట్టు చూపించానండి."

"అది వీధిలో ఎవరైనా చెబుతారు. కాదు."

పెదనాన్న కూర్చునే స్టూలు మీద కత్తిరించిన గుడ్డముక్కలు పోగుపడి ఉన్నాయి. వాటినే చూస్తూ, "మిమ్మల్ని అడిగే మనిషి మీకు, మా పెదనాన్నని అడిగే మనిషి ఆయనకి లేకుండా చేశానండి" అన్నాను.

ఆయన "అదే" అనలేదు, "కాదు" అనీ అనలేదు. సూదిలో దారం ఎక్కించుకుని, "వచ్చే శుక్రవారం రా" అన్నారు. విన్నవాడు ఆ రోజు మారుమాట్లాడకూడదు కదా. ఇంటికొచ్చి పెదనాన్నకి చెప్పలేదు, ఏమని చెప్పాలో తెలియలేదు. నలభై సెకన్లకు కత్తిరించడం ఒక్కటే తెలిసినవాణ్ణి. ఒక వారం ఎంత పొడుగుంటుందో ఇవాళే మొదటిసారి కొలుస్తున్నాను.