అర కింద మంచం

పక్క వాటాలోకి కొత్తగా దిగినవాళ్ళు పొద్దున్నే గోడకి డ్రిల్లు పెట్టారు. కిటికీలోంచి సిమెంటు పొడి వాసన వచ్చింది. ఆ వాసన తగిలితే నాకు అప్పన్న మేస్త్రి గుర్తొస్తాడు. పోర్ట్ బ్లెయర్‌లో వడ్రంగం చేసుకుని బతికిన మనిషి. పెద్దగా మాట్లాడేవాడు కాదు, నవ్వడం అంతకన్నా లేదు. ఆయన మా ఇంట్లో చేసింది ఒక్కటే పని.

సునామీ వచ్చిన రెండుమూడేళ్ళకి, జంగ్లీఘాట్‌లో ఒక మేడ మీద గదిన్నర అద్దెకు తీసుకున్నాం. పాపకి రెండేళ్ళు. సామానంతా నేల మీదే, పాప చేతికి అందనిదంటూ ఏదీ లేదు. ఇంటాయన్ని బతిమాలితే గోడకి నాలుగు కన్నాలు పెట్టుకోమన్నాడు, అయిదోది కనిపిస్తే ఊరుకోనన్నాడు. బజార్లో చవకరకం చెక్క అర, రెండు ఇనప బ్రాకెట్లు కొనుక్కొచ్చి నేనే బిగించేశాను. డబ్బాలూ పుస్తకాలూ సర్ది, దాని కిందే పాప మంచం వేశాను. మర్నాటికే అర కాస్త ముందుకు వాలింది. అప్పటికే గొప్పలు చెప్పుకుని ఉన్నాను కాబట్టి రెండు రోజులు చూడనట్టు ఊరుకున్నాను. మూడోరోజు మా ఆవిడే మేస్త్రిని పిలుచుకొచ్చింది.

ఆయన అర వంక చూడనేలేదు. "కింద ఎవులు పడుకుంతారు?" అన్నాడు.

"పాప."

"ముందు మంచం ఇటు లాగు బాబూ. తరవాత సూద్దాం."

సామాను దింపించి, రెండు వేళ్ళతో అరను పట్టి లాగాడు. బ్రాకెట్లూ స్క్రూలూ ప్లాస్టిక్ ప్లగ్గులూ అన్నీ కలిసి ఆయన చేతిలోకి వచ్చేశాయి. గోడ కట్టింది లోపల బోలుగా ఉండే సిమెంటు ఇటుకలతో. "ఇది దీవార్ కాదు బాబూ, డబ్బా," అన్నాడు. వేలి కణుపులతో గోడంతా తట్టుకుంటూ పోయి, కిటికీ పైన చప్పుడు మారిన చోట ఆగాడు. అక్కడ గోడ పొడుగునా కాంక్రీటు దూలం ఉంది. నా నాలుగు కన్నాలూ పూడ్చి, ఆ దూలానికి మళ్ళీ నాలుగే కన్నాలు పెట్టి వెడల్పాటి చెక్క పట్టీ బిగించాడు. ఆ పట్టీకి అర. మా దీవుల్లో నేల అప్పుడప్పుడు కదులుతుంది కాబట్టి డబ్బాలు జారకుండా ముందంచుకి సన్నని బద్ద కొట్టాడు. చివరికి రెండు చేతులతో అరను పట్టుకుని వేలాడాడు. అది కిర్రుమని కూడా అనలేదు.

"ఇక మంచం అక్కడే వేసుకోవచ్చుగా?" అన్నాను.

"ఒద్దు."

"గట్టిగానే ఉందిగా మేస్త్రీ."

"గట్టిగానే ఉంది. ఒద్దు."

మంచం ఇటు జరిపితే తలుపు సగమే తెరుచుకుంటోంది. ఆయన మెట్లు దిగగానే మళ్ళీ అక్కడే వేసేశాను. ఆదివారంనాడు స్క్రూలు ఎలా ఉన్నాయో చూడ్డానికి వచ్చాడు. మంచాన్ని చూశాడు. నిద్రపోతున్న పాపతో సహా దాన్ని గది మధ్యకి లాగేశాడు. నాకు ఒళ్ళు మండింది. "మీరు చేసిన పని మీద మీకే నమ్మకం లేదా?" అన్నాను.

"పని మీద ఉంది బాబూ," అని సంచీ తీసుకుని వెళ్ళిపోయాడు.

కొన్నేళ్ళకి ఆయన పోయాడని తెలిసి ఫెరార్గంజ్‌లో వాళ్ళింటికి వెళ్ళాను. ఎంతోమంది ఇళ్ళకి అరలు బిగించిన మనిషి ఇంట్లో ఒక్క అర లేదు. గిన్నెలు, డబ్బాలు, ఆఖరికి దేవుడి పటం కూడా నేల మీదే. నేను చూడడం ఆయన భార్య గమనించింది. ఆవిడ కుడిచెయ్యి ఒళ్ళోంచి కదల్లేదు.

"సునామీనాడు ఇల్లు ఊగింది కద బాబూ. ఆయన బిగించిన అర ఊడనేదు. గోడే అరతో కలిసి నా మీద పడిపోనాది. ఈ సెయ్యి మరి లేవనేదు. ఆయన ఎవులికీ సెప్పుకోనేదు."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆ ఆదివారం నేనన్న మాట ఆవిడకి చెప్పే ధైర్యం కూడా లేకపోయింది.

ఆ తర్వాత ఇళ్ళు మారుతూ ఇప్పుడు బ్రూక్షాబాద్‌లో ఉంటున్నాం. ఏ ఇంట్లో దిగినా ముందు మనుషులు పడుకునే చోటు చూసుకుంటాను, అరలకి ఆ మిగిలిన గోడే. పాపకి పదహారేళ్ళొచ్చాయి. నీ మంచం గది మధ్యలో ఎందుకుందని స్నేహితురాళ్ళు అడిగితే, "డాడీకి డర్ ఎక్కువ," అని నవ్వుతుంది. నిజమే. ఆ భయం అప్పన్న మేస్త్రిది. ఆయన దగ్గర తీసుకున్నది, వదులుకోను.