డ్రెయిను అవతల బోరు

"మేడం గారు ప్రభువు పిలుపు అందుకున్నారమ్మా. రేపు పొద్దున భూస్థాపన" అని మేడం వెళ్లే చర్చి పాస్టరు గారు ఫోన్ చేసేసరికి నేను క్లాసులో ఉన్నాను. బెజవాడలో ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పడం నా ఉద్యోగం. ఫోన్ టేబుల్ మీద పెట్టి, బోర్డు మీద సగంలో ఉన్న లెక్క పూర్తి చేశాను. మేడం అయినా అదే చేసేవారు. తర్వాత స్టాఫ్ రూమ్‌కి వెళ్లి ఏడ్చాను. పక్క సీటావిడ "బంధువులా అండీ?" అని అడిగింది. కాదన్నాను.

కాగితం మీద ఆవిడ నా రీసెర్చ్ గైడు. ఆవిడ కింద పిహెచ్‌డీ పూర్తి చేసింది నేనొక్కదాన్నే. మిగిలినవాళ్లు ఎండలో బోరు బోరుకీ తిరగలేక ఏదో ఒక వంక చెప్పి జారుకున్నారు. మేడం పని స్పేషియల్ స్టాటిస్టిక్స్. పేరు విని కంగారు పడకండి. కొన్ని చోట్ల కొలిచి, కొలవని చోట ఎంతుంటుందో అంచనా కట్టడం, ఆ అంచనా ఎంత తప్పవచ్చో కూడా నిజాయితీగా చెప్పడం, అంతే. మేడం కొలిచింది కృష్ణా డెల్టాలో భూమి కింది నీళ్లలో ఉప్పు. సముద్రం వైపు వెళ్తున్నకొద్దీ బోర్లు ఉప్పగా మారతాయి, కానీ వరసగా మారవు. ఒక ఇంట్లో మంచినీళ్లు, నాలుగిళ్ల అవతల నోట పెట్టలేం. ఎందుకలా అన్నదే ఆవిడ జీవితమంతా అడిగిన ప్రశ్న.

బోర్లు కొలవడానికి వెళ్లే బస్సులో కిటికీ పక్క సీటు ఆవిడదే, అందులో బేరం లేదు. చీరల షాపు సంచీలో ఖాళీ సీసాలు, ఉప్పు కొలిచే మీటరు, పులిహోర డబ్బా. ఏ ఊళ్లో దిగినా బోరు దగ్గరున్న ఆడవాళ్లని మొదట అడిగేది ఒకటే. "ఏమ్మా, ఈ నీళ్లతో పప్పు ఉడుకుతుందా?" ఉడకదంటే ఆ మాట కూడా మీటరు అంకె పక్కన రాయించేవారు. "దీన్ని ఏ ఫార్ములాలో పెడతామండీ?" అని నేను విసుక్కుంటే, "పెట్టలేకపోతే నామోషీ ఫార్ములాకే, పప్పుకి కాదు" అనేవారు. కంప్యూటర్ ఇచ్చినట్టల్లా నేను మ్యాపు నిండా రంగులు నింపేస్తే సగం చెరిపించేవారు. "మనం వెళ్లని చోటికి రంగెందుకు పూశావు? తెల్లగా వదిలెయ్. తెలియదని చెప్పడానికి సిగ్గేంటి?"

ఆ మాట ఊరికే అన్నది కాదు. నేను చేరడానికి చాలా ముందు, కూచిపూడి దాటాక ఒక ఊళ్లో చర్చి వాళ్లు బోరు ఎక్కడ వెయ్యమంటారని అడిగితే మేడం ఒక చోటు చూపించారు. చుట్టూ ఉన్న బోర్లన్నీ తియ్యగానే ఉన్నాయి, మధ్యలోనూ అలాగే ఉండాలి. లెక్క అదే చెప్పింది. తీరా వేస్తే ఉప్పునీళ్లు పడ్డాయి. ఊరివాళ్లు పల్లెత్తు మాట అనలేదు, ఆవిడకి కష్టమైంది అదే. ఒక పెద్దావిడ మాత్రం "పోన్లెండమ్మా, మా గేదెలు తాగుతాయిలే" అందిట. నాకు ఈ సంగతి చెప్పిన రోజు మేడం అన్నం ముందు నుంచి లేచిపోయారు. ఆ తర్వాత ఎవరడిగినా చోటు చూపించలేదు.

చూపించలేదు గానీ ఆ ఒక్క బోరునీ వదల్లేదు. చివరికి తట్టింది, తప్పు దూరాన్ని కొలిచే పద్ధతిలో ఉందని. మనం స్కేలు పెట్టి తిన్నగా కొలుస్తాం. నీళ్లు తిన్నగా పోవు. ఎప్పుడో పూడిపోయిన కృష్ణ పాయలు మట్టి కింద ఇసుకగా మిగిలాయి, మంచినీళ్లు ఆ ఇసుక వెంటే నడుస్తాయి. కాబట్టి ఒకే పాయ మీద మైలు ఎడంగా ఉన్న రెండు బోర్లు చుట్టాలు, గోడకి అటూ ఇటూ ఉన్నవి పరాయివి కావచ్చు. ఆ దూరాన్ని కొలిచే లెక్కకే మిగిలిన ఉద్యోగమంతా ధారపోశారు. పంపిన పేపర్లు తిరిగొచ్చేవి. ఆ ఒక్క బోరూ తీసేస్తే పాత పద్ధతే సరిపోతుంది కదా అని జర్నల్ వాళ్లు రాసేవారు. తీసేస్తే సరిపోయేది, నిజమే. ఆవిడ తియ్యలేదు. డిపార్ట్‌మెంట్‌లో వెనక నవ్వుకునేవారు.

రిటైరయ్యాక గవర్నర్‌పేటలో ఒక హోల్‌సేల్ షాపు పైన మూడో అంతస్తులో ఉండేవారు. కింద రోజంతా ఆటోలూ, హమాలీల కేకలూ. పైన ఆవిడా, ఆవిడ మ్యాపులూ. ఆదివారం మధ్యాహ్నాలు నేను వెళ్లేదాన్ని. తలుపు తీస్తూనే, కూర్చోమనైనా అనకుండా, వారమంతా దాచుకున్న లెక్క మొదలుపెట్టేవారు. అది అర్థమయ్యే మనిషి ఆవిడకి ఊళ్లో ఇంకెవరూ లేరు. ఒకసారి మాటల మధ్య, "నువ్వు రాకపోతే ఆ వారం నా గొంతు నాకే వినపడదే" అన్నారు. ఫిర్యాదుగా అనలేదు. నేనే మర్చిపోలేకపోతున్నాను.

ఈ వేసవిలో అదే ఊరి చర్చి వాళ్లు మళ్లీ వచ్చారు. ఊళ్లో బోర్లన్నీ ఉప్పగా మారిపోతున్నాయి, కొత్తది ఎక్కడ వెయ్యాలో చెప్పమని. ఇంకొకరైతే దండం పెట్టి పంపేసేవారు. మేడం నన్ను పిలిపించి, మ్యాపు పరిచి, పొలాల మురుగు పోయే డ్రెయిను అవతల, గడ్డివాము ఉన్న చోట వేలు పెట్టారు. ఆవిడ లెక్క ప్రకారం పూడిపోయిన పాయ దాని కిందే ఉంది. వాళ్ల సంఘ పెద్ద నసిగారు.

"అటుపక్కన్నీ ఉప్పేనండీ. పశువు కూడా మూతి పెట్టదు."

"తెలుసండీ. అయినా అక్కడే వెయ్యండి."

ఆయన వెళ్లాక నాతో, "ఈసారీ తప్పిందంటే, ఇన్నేళ్లూ ఒక్కదాన్నే కూర్చుని పిచ్చిపని చేశానన్నమాట" అన్నారు. నవ్వుతూ అన్నది కాదు. బోరు వేసే రిగ్గు రావడం ఆలస్యమైంది, ఈలోగా మేడం ఆసుపత్రిలో చేరారు. అక్కడా నన్ను చూడగానే అడిగింది "రిగ్గొచ్చిందా?" అనే. రాలేదండీ అని చెప్పడం తప్ప నేనేం చెయ్యలేకపోయాను.

భూస్థాపనకి కొద్దిమందే వచ్చారు. చర్చి ఆడవాళ్లు పాట పాడారు. వాళ్లకి ఆవిడ చివరి బల్ల మీద కూర్చునే లెక్కల టీచరు. పాస్టరు గారు ఆవిడ మంచితనం గురించి చెప్పారు, బాగానే చెప్పారు. ఆ దూరం సంగతి ఎవరూ ఎత్తలేదు. చెప్పాల్సింది నేనే, కానీ ఎవరికి చెప్పను? గుప్పెడు మట్టి వేసి వచ్చేశాను.

మొన్న రిగ్గొచ్చింది. వెళ్లాను. ముందు నల్లమట్టి, తర్వాత బంకమట్టి, ఇంకా లోపలికి దిగాక ఇసుక. ఆ ఇసుక గుప్పెడు తీసి పట్టుకున్నాను. మొదట బురద ఎగజిమ్మింది, కాసేపటికి నీళ్లు తేటపడ్డాయి. సంఘ పెద్ద దోసిలి పట్టి తాగి, "తియ్యగా ఉన్నాయర్రా!" అని కేకేశారు. బిందెలు పరుగున వచ్చాయి. ఆయన నా వైపు తిరిగి చేతులు జోడించారు. ఆ దండం నాది కాదు. అందుకోవలసిన మనిషి లేరు. మీటరు తియ్యాలని కూడా తోచక, నేనూ వంగి దోసిలి పట్టి తాగాను. బిందెతో నిలబడ్డ ఒకావిడ నా కళ్లలో నీళ్లు చూసి కంగారు పడింది.

"ఏమ్మా, ఉప్పగా ఉన్నాయా?"

"లేదండీ" అన్నాను. మళ్లీ దోసిలి పట్టాను.