పరీక్షకు ముందు అంబలి

ఒడిశా మునిగుడలో మా కిరాణా దుకాణానికి తూనికల ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని కబురందితే, మా అన్నయ్య ఇత్తడి తూకపు రాళ్లన్నీ చింతపండుతో తోమించి వరసగా పెట్టించేవాడు. రక్తపరీక్షనూ అతను అలాగే చూశాడు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో అతనికి గుండెపోటు వచ్చింది. బతికి బయటపడ్డాక, రాయగడ డాక్టరు కొవ్వు తగ్గించే మాత్ర రోజూ ఒకటి వేసుకోమన్నాడు. నాలుగు నెలలు తిరగకుండానే పిక్కలు లాగుతున్నాయని అన్నయ్య సణుగుడు. ఆ డాక్టరే, ఏ జబ్బూ లేని నాకు కూడా, రక్తంలో కొవ్వు అంకె కాస్త ఎక్కువుందని అదే మాత్ర రాశాడు. నాకు ఒళ్లు మండింది. ఎనిమిదో తరగతితో బడి మానిన వాణ్ణే. అయినా మందుపెట్టెలో మడిచిపెట్టిన కాగితాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని చివరిదాకా చదివాను. పత్రికల్లో ఒక డాక్టరు కొవ్వే శత్రువంటాడు, ఇంకొకడు అదంతా మందులు అమ్ముకునేవాళ్ల గోల అంటాడు. నేను రెండోవాడి రాతలే కత్తిరించి దాచాను, అన్నయ్యకు చదివి వినిపించాను.

అంకె దిగితే మాత్ర మానేయొచ్చని ఇద్దరం తీర్మానించుకున్నాం. మళ్లీ పరీక్షకు ఇరవై రోజులుందనగా అన్నయ్య నెయ్యి, గుడ్డు, పకోడీ మానేసి చోడంబలికి, అంటే రాగి జావకు, దిగాడు. అంకె దిగింది. ఆ రిపోర్టు పట్టుకుని, వదినతో సహా రాయగడ రైలెక్కాం. డాక్టరుతో వాదించడానికి నా జేబునిండా కత్తిరింపులు. కూర్చోలేక తలుపుకీ సీటుకీ మధ్య తిరుగుతూనే ఉన్నాను.

రిపోర్టు చూసి, ఈమధ్య ఏం తింటున్నారని డాక్టరు అడిగాడు. ఎప్పుడూ తినేదే అన్నాడు అన్నయ్య. వదిన ఊరుకోలేదు.

“ఇరవై దినాలు బట్టి సోడంబలే బాబూ. ఇన్‌స్పెట్రొస్తాడని రాళ్లు తోమినట్టు ఒళ్లు తోముకున్నారు.”

డాక్టరు నవ్వలేదు. ఒకసారి దెబ్బతిన్న గుండెకు ఈ మాత్ర రెండో పోటు రాకుండా కాపలా అనీ, అంకె దిగినా ఆపకూడదనీ చెప్పాడు. పిక్కల నొప్పికి మోతాదు మార్చాడు. మరి నా సంగతేమిటని అడిగాను. పోటు రానివాళ్ల విషయంలో డాక్టర్లలోనే తగువుందనీ, ఆలోచించుకోమనీ అన్నాడు.

ఈ తేడా మొదటిరోజే చెబితే ఆయన నోటి ముత్యాలు రాలిపోయేవా? ఇప్పటికీ ఆ కోపం చల్లారలేదు.

తిరుగు రైల్లో అన్నయ్య నా జేబుకేసి చూశాడు.

“ఇంతకీ నీ కాయితాలు ఏటంటాయిరా? యేసుకోవాలా, మానాలా?”

“అన్నాయ్, నీ గురించి అందులో లేదు. యేసుకో.”

అతను మాత్ర మింగి నీళ్లు తాగేదాకా చూశాను. నా మాత్రల షీటు మాత్రం మునిగుడ వచ్చేదాకా చేతిలో అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాను.